ఒకే బరువు

...పొరపాటు మూతల దగ్గరే జరిగి ఉండాలి, జరిగి ఉంటే. జరగకపోయి ఉంటే మాత్రం తప్పు సీసాలో లేదు, తన తలలో ఉంది. ఆ రెండో మాట తలపుకొచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు వాటంతటవే ట్రే మీదికి వెళ్తున్నాయి. అరచేతి వెడల్పు ప్లాస్టిక్ ట్రే, అడుగున తపాలాబిళ్ళ కంటే కాస్త పెద్ద తెల్లకాగితం, దాని మీద పల్చటి పాలు. నిజంగా పాలే, మీగడ తీసిన పాలపొడి నీళ్ళలో కలిపింది. అక్కర్లేనివి అంటుకోకుండా కాగితానికి ముందు పాలు పట్టిస్తారు. ఆ పాలలోనే యాంటీబాడీ వేసింది, తనకి కావలసిన ఒక్కదాన్నే వెతికి పట్టుకునే ప్రోటీన్. ఊపే యంత్రం ట్రేని ఇటు వంచుతుంది, అటు వంచుతుంది, పాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మెల్లగా పాకుతాయి, కనపడని మనిషి ఎవరో పక్కన కూర్చుని ఉయ్యాల ఊపుతున్నట్టు. గంటసేపు ఊగాలి. రెండుంపావుకి పెట్టింది. మూడుంపావుకి తీసి, కడిగి, రంగు మందు వేస్తే ఐదు నిమిషాల్లో మచ్చలు తేలతాయి. ఒక మచ్చ తేలితే సీసా మంచిది, తను మంచిది కాదు. రెండు తేలితే తను మంచిది, గోడ అవతలి పిల్ల నాలుగేళ్ళ కష్టం మట్టిపాలు. ఏది కోరుకోవాలో తేల్చుకోవడానికి గంట ఉంది, అందులో పన్నెండు నిమిషాలు అప్పుడే అయిపోయాయి.

గోడ అవతల సెమినార్ గదిలో పిచ్చుక మాట్లాడుతోంది. పిచ్చుక అంటే ఈ ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్న అమ్మాయి. నోరు మూయదు కాబట్టి మొదటి వారంలోనే పిచ్చుక అయిపోయింది, ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే తనే పలకదు. ఎల్లుండి పెద్ద సభలో చెప్పబోయేది ఇవాళ మనవాళ్ళ ముందు ఒకసారి చెప్పి చూసుకుంటోంది, ల్యాబ్ అంతా అక్కడే ఉంది, ముందు వరసలో ల్యాబ్ పెద్దాయన కళ్ళు మూసుకుని వింటూ ఉంటాడు. మాటలు గోడలోంచి వచ్చేసరికి అంచులు అరిగి వస్తున్నాయి. మన ప్రోటీన్ నిద్ర గుర్తుని పట్టుకుంటుంది, అంటోంది పిచ్చుక. మెలకువ గుర్తుని ముట్టుకోదు. ఆ వాక్యం వినిపించగానే ఆమెకి లోపల మళ్ళీ అదే మాట, మూడు వారాలుగా వినిపిస్తున్న మాట: ఇది అది కాదు. తన గొంతుతో కాదు. అదే భయం.

మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు మీటర్ల డీఎన్ఏ దారం, రీలుకి చుట్టినట్టు హిస్టోన్ అనే ప్రోటీన్ ఉండలకి చుట్టుకుని ఉంటుంది. ఆ ఉండల్లోంచి తోకలు బయటికి వేలాడుతుంటాయి. తోక మీద ఏ గుర్తు ఉందో చూసుకుని అక్కడి జన్యువు నిద్రపోవాలో మేలుకోవాలో కణం తేల్చుకుంటుంది. ఆమె ఉండల జోలికి పోదు. తోక ఒక్కటే చేస్తుంది, ఇరవై ఒక్క అమైనో ఆమ్లాలు, ఒకదాని వెనక ఒకటి, అదీ చివరి నుంచి మొదటికి. చివరిదాన్ని ముందు ఇసుకరేణువంత పూసకి అంటించి, అక్కడి నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి, ఇరవయ్యోది, పంతొమ్మిదోది, పద్దెనిమిదోది. పదిహేడేళ్ళుగా అలా కట్టీ కట్టీ ఆలోచనలకి కూడా ఆ నడకే పట్టుబడింది, ఏది తలుచుకున్నా కొస ముందు గుర్తొస్తుంది, మొదలు ఎక్కడో వెనక పూసలా దొర్లుతూ ఉంటుంది. ఒళ్ళు లేని తోక అది, తెల్లటి పొడి, చిటికెడు. అయినా దాన్ని నీళ్ళలో కలిపి పెడితే కణంలోని ప్రోటీన్లు వచ్చి పట్టుకుంటాయి, అసలైనదే అనుకుని. "నకిలీ సరుకు చేసి దర్జాగా జీతం పుచ్చుకునేది మన వంశంలో నువ్వొక్కదానివేనే," అన్నాడు అన్నయ్య ఒకసారి. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే గదిలో మూల కుర్చీలో అమ్మ తలెత్తి చూసింది. ఆ కుర్చీలో చేరాక అమ్మ అలా తలెత్తి చూసింది ఆ ఒక్కసారే.

తోకలో తొమ్మిదోది లైసిన్. దాని మీద మూడు మిథైళ్ళు పెడితే నిద్ర, ఒక అసిటైల్ పెడితే మెలకువ. ల్యాబ్‌లో అందరూ అలాగే అంటారు, 'అక్కా, నిద్ర ఇంకో రెండు మిల్లీగ్రాములు కావాలి', 'మెలకువ అయిపోవచ్చింది' అని. రెండు గుర్తులూ తోకకి కలిపే బరువు ఒకటే, నలభై రెండు. తేడా అంతా దశాంశ బిందువు దాటాక రెండో అంకెలో ఉంటుంది, వీళ్ళ దగ్గరున్న పాత యంత్రానికి అది ఆనదు. మంచి యంత్రం ఊరి అవతలి సంస్థలో ఉంది, దాని ముందు నెల రోజుల వరస ఉంది, పైగా ఎందుకు తూచాలో కారణం రాసి పెద్దాయనతో సంతకం పెట్టించాలి. ఏమని రాస్తుంది. లోపల ఒక గొంతు వినిపించింది అని రాస్తుందా. అందుకే ఈ కాగితం. దాని మీద మూడు చుక్కలు: ఎడమన, బయట నుంచి తెప్పించిన నిఖార్సైన నిద్ర, నడుమ, అలాగే తెప్పించిన మెలకువ, కుడిన, పద్నాలుగు నెలల కింద తను కట్టి 'నిద్ర' అని రాసి ఇచ్చి, పిచ్చుక నాలుగేళ్ళ పనికి ఆఖరి ఆధారమైన ట్యూబులో అడుగున మిగిలింది. వేసిన యాంటీబాడీ మెలకువని మాత్రమే పట్టుకుంటుంది. నడుమ చుక్క ఎలాగూ తేలుతుంది. కుడిది తేలకూడదు. ప్రోటీన్‌కి మొహమాటం లేదు, ఎదటివాళ్ళ ముఖం చూసి మాట మార్చదు, ఎవరో అడిగారు కదా అని ఔననదు. తొమ్మిదేళ్ళప్పుడు తనకి లేనిది ఆ తెగువే.

నాన్న సొరంగాలు తవ్వే పనిలో ఉండేవాడు. నాలుగు నెలలు కొండల్లో ఉండి ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చాడు, ఇలాంటి మధ్యాహ్నమే, కిటికీ ఎండ నేల మీద బల్లపరుపుగా పడి ఉంది. అమ్మ తలుపు తీసి, ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఎవరు కావాలండీ?" అంది. నాన్న నవ్వాడు, అన్నయ్య నవ్వాడు, మేనత్త నవ్వి 'నాలుగు నెలలకే మొగుణ్ణి మరిచిపోయావా, బాగానే ఉంది సంబడం' అంది. అమ్మ నవ్వలేదు. మూడో రోజు వంటింట్లో కూతుర్ని దగ్గరికి తీసుకుని, తలలో వేళ్ళు పెట్టి చిక్కు తీస్తూ, చల్లగా చెప్పింది: "గొంతు అదే. నడక అదే. మోకాలి మీద కుట్టు మచ్చ కూడా దించారు. చాలా బాగా చేశారు. కానీ ఈయన ఆయన కాదు." చేశారు అంది. ఎవరు చేశారో చెప్పలేదు, తనూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి తను కూడా చూడటం మొదలుపెట్టింది. ఇదివరకు టీ ఊదుకుంటూ తాగేవాడు, ఇప్పుడు ఊదడం లేదు. ఇదివరకు గదిలోంచి పోతూ మోచేత్తో దీపం ఆర్పేవాడు, ఇప్పుడు వెనక్కి వచ్చి వేలితో ఆర్పుతున్నాడు. కొండల్లో నాలుగు నెలలుంటే ఎవరికైనా అలవాట్లు మారతాయి. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు మంచం మీద కళ్ళు మూసుకుని, పక్కగదిలో ఆయన దగ్గు వింటూ, ఇది కూడా బాగా చేశారు అనుకునేది.

తరవాత హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. మెత్తగా మాట్లాడే డాక్టరు ఒకాయన, మేనత్త, అన్నయ్య, సోఫా చివర కూర్చున్న ఆయన. మేనత్త తనని ఒడిలోకి లాక్కుని, "పసిదానికి కల్లాకపటం తెలీదు. నువ్వు చెప్పవే, మీ నాన్నేనా కాదా?" అంది. ఆయన తన వంక చూశాడు; ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది, ఇప్పటికీ ఆ కళ్ళు గుర్తు. అమ్మ చూడలేదు, అమ్మకి కూతురి మీద నమ్మకం. "నాన్నే," అంది తను. అప్పుడు అమ్మ చూసింది. కోపంగా చూసినా బాగుండేది. నువ్వెవరు అన్నట్టు చూసింది. ఆ సాయంత్రం నుంచి మాత్రలు, ఆ మాత్రలతో పాటే మౌనం. ఊ, ఆ, చాలు, ఇంతే. ఇరవై రెండేళ్ళు ఆయనకి వడ్డించింది, చొక్కాలు మడత పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, ఒక్కసారి కూడా ఆయన్ని ఏమండీ అని పిలవలేదు. ఆ మాట ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఆయన పోయిన రోజు ముఖం మీది గుడ్డ తొలగించి చూసి, పక్కింటావిడతో అంది, అప్పటికి ఏడాదిలో అదే పొడుగాటి మాట: "పాపం, ఏ తల్లి కన్న బిడ్డో."

తలుపు తోసుకుని సీసాలు కడిగే ఆవిడ బండితో లోపలికొచ్చింది, బండిలో గాజు గలగల. ట్రే వంక చూసింది, ఆమె వంక చూసింది.

"ఏంటమ్మా, అలా కాపలా కూర్చున్నారు, పొంగుతాయనా?"

"పొంగవు."

"పొంగని పాలకి కాపలా దేనికండీ. వెళ్ళి టీ తాగి రండి, నే చూస్తాలే."

"మూడుంపావు దాకా కదలకూడదు."

"బాగుంది. మా ఆయన్ని కూడా ఇలాంటి ఉయ్యాల్లో వేసి స్విచ్చి వేస్తే గంటసేపన్నా నోరు మూసుకుంటాడు. పాతదేదైనా ఉంటే ఇప్పించండి, మోసుకుపోతాను." సింకు దగ్గర సీసాలు దించుతూ, ఇటు తిరక్కుండానే అంది, "అవునూ, మొన్న మెట్ల దగ్గర పలకరిస్తే ఎవరో అన్నట్టు చూశారేంటి? నేనేదో అన్నాననుకున్నా."

"ఎప్పుడు?"

"మొన్నే. మీరు దిగుతున్నారు, నేను ఎక్కుతున్నా. బాగున్నారా అంటే, బాగున్నానండీ అన్నారు. నన్ను అండీ అన్నారు. ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన నవ్వాడు, నీకు హోదా పెరిగిందే అని."

"ఏదో ఆలోచనలో ఉండి ఉంటాను."

"ఆ, చదువుకున్నవాళ్ళకి ఆలోచనలు మామూలేలెండి." బండి గలగలమంటూ వెళ్ళిపోయింది.

మొన్న. మెట్లు దిగింది గుర్తుంది, రెయిలింగ్ చల్లదనం గుర్తుంది, ఎవరూ ఎదురురాలేదు. అమ్మకి అది మొదలైనప్పుడు నలభై ఒకటి. ఆమెకి ఈ ఏడు నలభై ఒకటి. పదిహేడేళ్ళుగా తోకల మీద గుర్తులు పెట్టే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఒంట్లో ఏదో ఒక చోట, ఏదో ఒక ఉండ మీద, నలభై ఏళ్ళు బుద్ధిగా నిద్రపోయిన జన్యువు గుర్తు మారగానే కళ్ళు తెరవచ్చు, చప్పుడేమీ ఉండదు, నొప్పి ఉండదు, తెలిసేది ఒక్కటే, ఎదురుగా ఉన్నది అది కాదని. పోయిన ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. బాగున్నావా, వదిన నిన్ను అడిగిందే, పిల్లకి పరీక్షలు, అంతా అన్నయ్యే, కానీ మధ్యలో ఒక క్షణం, ఎవరో అన్నయ్య మాటలు కాగితం మీద చూసి చదువుతున్నట్టు అనిపించింది. బాగా చదువుతున్నాడు అనుకుంది. అనుకున్నాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి చాలాసేపు చేతులు కడుక్కుంది.

కాబట్టి మూతలు. మూతలు మారిపోవడం నిజం కావాలి. ఈ మందుల ద్రావకాలు తగిలితే సీసాల పక్కన అంటించిన కాగితం మీది సిరా కారిపోతుంది, అందుకని మూత మీద మార్కర్‌తో రాసే అలవాటు ఆమే పెట్టింది, పదేళ్ళుగా ల్యాబ్ మొత్తానికి అదే అలవాటు. ఆ రోజు మిథైల్ సీసా, అసిటైల్ సీసా, ఒకే కంపెనీవి, ఒకే గోధుమరంగు గాజు, లోపల ఒకేలాంటి తెల్లపొడి, తూచడానికి రెండూ మూతలు తీసి పెట్టింది. ఫోన్ మోగింది. అన్నయ్య. "అమ్మ మాట్లాడిందే," అన్నాడు. "పొద్దున్నే లేచి, ఆయన వచ్చారా అని అడిగింది. ఎవరమ్మా అంటే నవ్వింది. నవ్విందే. నేనేం చెప్పను?" కిటికీలోంచి బయట ఎవరో నిచ్చెన మోసుకుంటూ పోతున్నారు. "వచ్చారని చెప్పు," అంది తను. ఫోన్ పెట్టేసి చూసుకుంటే రెండు మూతలూ ఎడమ అరచేతిలో ఉన్నాయి, బిగించి పట్టుకుందేమో, అంచులు చర్మంలో దిగి రెండు సున్నాలు పడ్డాయి. పొడికి చెమ్మ తగలకూడదు కాబట్టి గబగబా మూసేసింది. ఏది దేనికి పెట్టిందో ఆ చేతికే తెలియాలి. పావుగంట తరవాత మూతల మీద రాత చూసి, తీసి, తూచి, కట్టింది. ఎనిమిదో రోజున అమ్మ పోయింది. ఆ రెండు సీసాలూ ఆ పనితోనే అయిపోయాయి, చెత్తలోకి పోయాయి.

ఇంకొకటి కూడా ఉంది, ఉందో లేదో. తోకని శుద్ధి చేసేటప్పుడు తెర మీద లేచే శిఖరం ఆ రోజు రెండు నిమిషాలు ఆలస్యంగా లేచింది. అసిటైల్ అయితే అలాగే లేవాలి. గొట్టం పాతబడింది, అందుకే అనుకుని దాటేసినట్టు గుర్తు. కానీ ఆ గుర్తు ఎప్పుడు గుర్తొచ్చింది? మూడు వారాల కింద, పిచ్చుక తన ఆఖరి ప్రయోగం బొమ్మ తెచ్చి చూపించాక, 'చూడక్కా, ఎంత ముద్దుగా పట్టుకుందో' అని దాని మీద వేలు పెట్టాక, లోపల అమ్మ గొంతు ఇది అది కాదు అన్నాక. ముందు గొంతు, తరవాత శిఖరం. గొంతే శిఖరాన్ని చేసి పెట్టిందేమో, బాగా చేసి. ఆ కంప్యూటర్ చెడిపోయి మార్చారు, అందులో లెక్కలు పోయాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఆమెకి నుయ్యి తన లోపలే ఉంది, గొయ్యి పక్క గదిలో మాట్లాడుతోంది.

మూడుంపావు. యంత్రం ఆపితే పాలు ఇంకొకసారి వాటంతటవే అటు పాకి, ఆగాయి. మూడుసార్లు కడిగింది. ఒక్కో కడుగు ఐదు నిమిషాలు, గోడ అవతల పిచ్చుక ముగింపుకి వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు చెబుతోంది, ఆ వరసలో తన మాట కూడా వినిపించింది, "తోకలన్నీ మా అక్క చేతివే, ఆవిడ చేసిందాంట్లో నాకెప్పుడూ వంక కనపడలేదు," ఎవరో ఏదో అన్నారు, నవ్వులు. రంగు మందు నాలుగు చుక్కలు. కాగితం తెల్లగా ఉంది. ఫ్రీజర్ల హోరు తప్ప గదిలో ఏమీ లేదు. ఎప్పుడూ ఉండే హోరే, ఇవాళ మాత్రం వాటిల్లో ఒకటి కాస్త ముందు ఊపిరి తీసుకుని మిగతావి దాని కోసం ఆగుతున్నట్టుంది. నడుమ నీలం తేలింది, ముందు అనుమానంలా, తరవాత రూపాయి బిళ్ళలా గుండ్రంగా. ఎడమ ఏమీ లేదు. కుడి ఏమీ లేదు. ఆమె వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి, రా అంది లోపల, రావే, అని బతిమాలింది, ఆ పిల్ల నాలుగేళ్ళనీ, పెద్దాయన ఎల్లుండి పంపబోయే వ్యాసాన్నీ, తన పేరునీ, అన్నిటినీ పక్కన పెట్టేసి ఒక తెల్ల కాగితాన్ని బతిమాలింది. కుడిన పొగలాంటిదేదో కదిలింది. పొగ చిక్కబడింది. నీలం.

రెండు. ఒళ్ళంతా తేలికైపోయి, గుండెలోంచి వెచ్చటిదేదో గొంతు దాకా వచ్చింది, అది సంతోషమని పోల్చుకున్నాక ఆమె బల్ల అంచు వదిలేసి ఒక అడుగు వెనక్కి వేసింది. తన తల మంచిదే. సీసాది తప్పు, మూతలు మారాయి, శిఖరం నిజంగానే ఆలస్యంగా లేచింది. ఆ తరవాత, సంతోషం ఇంకా చల్లారకముందే, చిన్న ప్రశ్న. అమ్మకి కూడా ఇలాగే కనపడింది కదా. పట్టపగలు, కళ్ళు తెరుచుకుని, ఎదురుగా. ఎంత కావాలనుకుంటే అంత నీలంగా కనపడదని ఎవరు చెప్పారు. ఒక జత కళ్ళు చాలవు. ఆ రోజు హాల్లో కూడా చాలలేదు. అమ్మకి కావలసింది డాక్టరు కాదు, పక్కన నిలబడి, చూసి, చూసింది చెప్పే ఇంకో మనిషి. అది చేయగలిగిన ఒక్క మనిషీ మేనత్త ఒడిలో కూర్చుని ఉంది. తను చూసింది చెప్పి ఉంటే అమ్మ నమ్మకం బలపడేదో, వీగిపోయేదో, ఎవరికి తెలుసు. ఒంటరిదైతే అయ్యేది కాదు. కాగితం తీసి చెత్తబుట్టలో వేస్తే ఇప్పుడు ఎవరికీ తెలియదు. రేపు పొద్దున మళ్ళీ గొంతు వినిపిస్తుంది, ఎల్లుండి మెట్ల మీద ఇంకెవరో పలకరిస్తారు, తనకి గుర్తుండదు, అలా ఎన్నాళ్ళో, మూల కుర్చీ ఒకటి చూసుకునే దాకా. అవతల చప్పట్లు కొడుతున్నారు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఇంకో రెండు నిమిషాల్లో రంగు అంతా ముదిరిపోతుంది, కాగితం మొత్తం నీలమైతే ఏది మచ్చో ఏది కాదో ఎవరూ చెప్పలేరు.

తలుపు తీసేసరికి పిచ్చుక ఎదురుగానే వస్తోంది, బుగ్గలు ఎర్రగా, చేతిలో కాగితాలు. "అక్కా, విన్నావా? పెద్దాయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, నిద్రపోయాడేమోనని దగ్గరికెళ్ళి చూస్తే నిజంగానే..."

"ఇటు రా. ఏమిటని అడగకు. ఇందులో ఎన్ని కనపడుతున్నాయో చూసి చెప్పు."

పిచ్చుక కాగితాలు చంకలో పెట్టుకుని ట్రే మీదికి వంగింది. జడ ముందుకి జారితే వెనక్కి తోసుకుంది. చూస్తున్నంతసేపూ ఆమె ఆ పిల్ల ముఖం వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడింది, తన ముఖంలో ఏదీ ఆ పిల్లకి కనపడకూడదని.

"రెండు," అంది పిచ్చుక. "ఒకటి నడుమ, ఒకటి ఈ కుడి చివర. చక్కగా తేలాయే. ఈ కుడిది ఎవరిదక్కా?"

ఆమె బల్ల కిందనుంచి తన స్టూలు లాగి, దాని మీద ఒలికిన పాలచుక్కని కోటు అంచుతో తుడిచి, కూర్చుని వినడానికి వీలుగా పిచ్చుక వెనకాల పెట్టింది.